చింతపల్లి నుంచి రాజవొమ్మంగి దాకా: పితూరీ దారిలో మా నడక

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఈ మూడు తేదీలూ, మూడు ఊళ్లూ మన పిల్లలకి పాఠంలో ఒక్క వాక్యంగా వస్తాయి. పరీక్షలో ఖాళీలు పూరించడానికి పనికొస్తాయి. కానీ గోడ మీద మ్యాపు చూపించి, ఈ మూడు ఊళ్లూ వేలితో కలపమంటే మన మన్యం పిల్లలే తడబడతారు. ఎందుకంటే మనకి తెలిసింది బస్సు దారి. ఆ మూడు రోజులూ మనవాళ్లు నడిచింది బస్సు దారి కాదు.

వానాకాలం నడుమ, వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. ఒక చోట దాడి జరిగిందన్న కబురు రెండో చోటికి చేరేలోపే మనుషులు అక్కడికి చేరిపోయారు. ఇది ఎలా సాధ్యమైందో పుస్తకం చదివితే పూర్తిగా తెలియదు, నడిస్తే తెలుస్తుందని అనిపించి, పోయిన ఆగస్టులో మేం ఒక గుంపుగా బయల్దేరాం. హాస్టల్లో చదివి బయటికెళ్లిన కుర్రాళ్లు పద్నాలుగు మంది, అమ్మాయిలు తొమ్మిది మంది, పెద్దవాళ్లం ముగ్గురం. దారి చూపించడానికి ఇద్దరు. ఒకరు డెబ్బై దాటిన కొండదొర తాత. రెండోవాడు ఆయన మనవడు, లంబసింగి వచ్చే టూరిస్టులకి కొండలు తిప్పి చూపించే కుర్రాడు. మనవడి ఫోనులో మ్యాపు ఉంది. తాతకి ఫోను లేదు. మొదటిరోజు మధ్యాహ్నానికే సిగ్నలు పోయింది, ఆ తర్వాత మనవడు కూడా తాత వెనకే నడిచాడు.

నడక చింతపల్లిలో మొదలైనా, చరిత్ర మాత్రం అంతకుముందే, నర్సీపట్నం నుంచి బస్సు ఘాట్ ఎక్కుతున్నప్పుడే మొదలైంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఆ ఘాట్ ఎక్కేటప్పుడు కిటికీలోంచి మంచుని ఫోటో తీసుకోండి, తప్పులేదు. తీశాక ఒక్కసారి కింద రోడ్డు కూడా చూడండి. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఈ రోడ్డు వేయించింది అప్పటి గూడెం తహసీల్దారు బాస్టియన్. రాళ్లు కొట్టింది, మట్టి మోసింది మన ముత్తాతలు, ముత్తవ్వలు. రోజుకి ఆరణాల కూలి ఇస్తామని చెప్పి రెండణాలు చేతిలో పెట్టేవారని చరిత్రకారులు రాశారు. అడిగినవాడికి కొరడా దెబ్బలు. లంబసింగిని మనవాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు, ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతామని. అలాంటి చలిలో ఆ పని.

బస్సులో కూర్చునే ఒక లెక్క చేయించాం. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! రూపాయికి పదహారణాలు. రోజుకి రెండణాలంటే ఎనిమిది రోజులు రాళ్లు కొడితే ఒక్క రూపాయి. తర్వాత ఇదే ప్రభుత్వం అల్లూరి సీతారామరాజుని పట్టిచ్చినవాళ్లకి పదివేల రూపాయలు ఇస్తామని ప్రకటించింది. పదివేల రూపాయలంటే ఎన్ని రోజుల కూలి? ఎనభై వేల రోజులు. ఏళ్లలోకి మారిస్తే రెండు వందల పంతొమ్మిది ఏళ్లు. ఒక మనిషి మూడు జన్మలెత్తి రోజూ పని చేసినా రాని డబ్బు. కూలికి మిగతా నాలుగణాలు ఇవ్వడానికి చేయి రాని సర్కారు, మనిషి తలకి అంత వెల కట్టింది. లెక్క పూర్తయ్యాక బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక సీట్లోంచి ఒకడు, "మేడమ్, నాలుగణాలు ఇచ్చేసుంటే గొడవే ఉండేది కాదుగా" అన్నాడు. అంత తేలిక కాదు. నాలుగణాల వెనక చాలా ఉంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఊరి పెద్దలు అనుకుని ఏ కొండ పోడు కొట్టాలో, ఏ కొండ వదిలేయాలో తేల్చుకునేవారు. చట్టం వచ్చాక ఆ కొండకి రిజర్వు ఫారెస్టు అని పేరు పడింది. కట్టె కొట్టినా నేరమే, పశువుని తోలినా నేరమే. గార్డుకి కోడిని ఇస్తే నేరం కాదు. ముఠాదార్ల పరిస్థితి వేరేలా చెడింది. ఒకప్పుడు ముఠాలో మాట చెల్లిన దొరలు, సర్కారు చెప్పిన శిస్తు వసూలు చేసిపెట్టే గుమాస్తాల్లా మారారు, ఎదురుచెబితే పదవి ఊడేది. అందుకే ఈ తిరుగుబాటులో అంబలి తాగే కూలీ, ఊరి దొర పక్కపక్కనే నడిచారు. గాము గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర బట్టిపనుకుల ఊరివాళ్లు. వాళ్లకి పోయింది అధికారం, కూలీకి పోయింది నాలుగణాలు, ఇద్దరికీ పోయింది అడవి.

ఇంకా వెనక్కి వెళ్తే 1879 రంప పితూరీ ఉంది. జీలుగు కల్లు మీద పన్ను వేసినప్పుడు రగిలింది అది. మన ఇళ్లలో పెళ్లికీ, చావుకీ, పండక్కీ కల్లు ఉండాలి, మన చెట్టు కల్లుకి మనం పన్ను కట్టడమేమిటని కారం తమ్మన్నదొర లాంటివాళ్లు లేచారు. చోడవరం దగ్గర మొదలై గూడెం కొండల దాకా పాకింది. 1886లో గూడెంలో మళ్లీ ఒకటి. తర్వాత లాగరాయి పితూరీ. అంటే 1922 నాటికి ఈ దారులకి తిరుగుబాటు కొత్త కాదు. తాతలు నడిచిన దారిలోనే మనవలు నడిచారు.

పితూరీ అన్న మాట గురించి ఒక ముచ్చట. ఇప్పుడు హాస్టల్లో ఒక పాప ఇంకో పాప మీద ఫిర్యాదు చేస్తే "పితూరీలు చెప్పకు" అంటాం. తిరుగుబాటుకి సర్కారు కాగితాల్లో రాసుకున్న మాట, ఇవాళ మన నోట్లో చాడీకి మాటైంది. ఆ సంగతి చెప్పిన రోజు నుంచి మా గుంపులో ఎవరైనా ఎవరి మీదైనా ఫిర్యాదు చేస్తే, "ఇది ఏ సంవత్సరం పితూరీ?" అని ఏడిపించడం మొదలైంది.

చింతపల్లిలో దిగి, స్టేషన్ దగ్గర నిలబడి ఆ రోజు సంగతులు చెప్పుకున్నాం. సుమారు మూడు వందల మంది వచ్చారు. పదకొండు తుపాకులు, తూటాలు తీసుకున్నారు. తీసుకున్న ఆయుధాల వివరం స్టేషన్ రికార్డులో రాసి సీతారామరాజు సంతకం పెట్టాడు. ఇది మన పిల్లలకి బాగా నచ్చే ఘట్టం. సినిమాలో కూడా చప్పట్లు ఇక్కడే పడతాయి. మాకు మాత్రం సంతకం కంటే ఆ మూడు వందల అంకె ముఖ్యం అనిపిస్తుంది. రాజు 1917లో కృష్ణదేవిపేట వచ్చాడు. మైదానం నుంచి వచ్చిన మనిషి. మన మధ్య ఉండి, కల్లు మానమని, తగువులు పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పి, మన కష్టాన్ని తన కష్టం చేసుకున్నాడు. ప్రాణం ఇచ్చాడు. ఆయన్ని దేవుడిలా చూసుకోవడం న్యాయమే. కానీ ఆ రోజు స్టేషన్ చుట్టూ ఉన్న మిగతావాళ్లందరూ ఎవరి ఇంటి మనుషులు? బగత, కొండదొర, కోయ, వాల్మీకి, కొండరెడ్డి. మన ఇంటి పేర్లే. గాము గంటందొర, మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు. ఈ పేర్లు చెప్పి, "ఎవరు వీళ్లు?" అని అడిగితే ఇరవై ముగ్గురిలో నలుగురు మాత్రమే చేతులెత్తారు. సినిమాలో పాట పాడమంటే అందరూ పాడారు.

చింతపల్లి దాటాక కాఫీ తోటల్లోంచి నడక. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి మిరియాల తీగలు. 1922లో ఈ చెట్లు ఇలా లేవు. తాత తోట మధ్యలో ఆగి, పక్కనున్న పాత మద్దిచెట్టు చూపించి, దాని మొదట్లోంచి దిగాలన్నాడు. అక్కడ మాకు దారి ఏమీ కనిపించలేదు, గడ్డి మాత్రమే ఉంది. దిగాక పాదం కింద నేల గట్టిగా తగిలింది. తరాల కాళ్లు తొక్కిన దారి గడ్డి మొలిచినా మెత్తబడదని అప్పుడు తెలిసింది.

జలగలు మాత్రం ఎవర్నీ వదల్లేదు. ఉప్పు మూటలు కట్టుకుని వెళ్లాం కాబట్టి సరిపోయింది. వాన ఆగి ఆగి కురుస్తూనే ఉంది. రెయిన్ కోట్లు వేసుకున్న కుర్రాళ్లు లోపల చెమటతో తడిశారు. తాత గిడుగు కప్పుకుని పొడిగా నడిచాడు.

ఒక గెడ్డ దగ్గర మేం దాటబోతుంటే తాత చెయ్యి అడ్డుపెట్టాడు. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. అయినా ఆపాడు. "నీరు రంగు సూడండమ్మా. ఎర్రబడతంది. పైన కొండ మీద ఇప్పుడే గట్టిగా కురిసింది. కాసేపు కూకోండి" అన్నాడు. కూర్చున్నాం. కాసేపటికి ఆ గెడ్డ నడుము దాటింది, కొమ్మలు కొట్టుకొచ్చాయి. మళ్లీ తగ్గేదాకా గంటకి పైగా అక్కడే అటుకులు తింటూ ఉండిపోయాం. ఆగస్టులో ఈ కొండల్లో కదలాలంటే తుపాకీ కంటే ముందు ఇది తెలియాలి. ఏ గెడ్డ ఎంతసేపట్లో పొంగుతుంది, ఏది తొందరగా తీస్తుంది, ఎక్కడ పడిన చెట్టు మీంచి దాటొచ్చు, చీకటి పడితే ఏ ఊరి పశువుల శాలలో తలదాచుకోవచ్చు. నర్సీపట్నం నుంచి వచ్చిన పోలీసుకి ఇది ఎవరు చెబుతారు? చెప్పగలిగినవాళ్లంతా అవతలి పక్కన ఉన్నారు.

ఈ దారులు యుద్ధం కోసం వేసినవి కావు. అది గుర్తు పెట్టుకోవాలి. కొన్ని సంతకి వెళ్లే దారులు. చింతపండు, అడ్డాకులు, కరక్కాయలు కావిళ్లలో దింపి, ఉప్పూ ఎండుచేపలూ పైకి తెచ్చుకున్న దారులు. కొన్ని పోడుకి పోయే దారులు. కొన్ని పిల్లనిచ్చిన ఊరికి పోయే దారులు. కొండకి ఆ పక్కన వియ్యంకుడున్నాడు, ఈ పక్కన మేనమామ ఉన్నాడు. అందుకే రాత్రి తలుపు తడితే గొళ్లెం తీసే ఇల్లు ప్రతి ఊళ్లో ఉండేది. మూడు వందల మందికి మూడు రోజులు తిండి ఎవరు పెట్టారు? చోళ్లు విసిరింది ఎవరు, అంబలి కాచింది ఎవరు? ఆగస్టు అంటే మన ఇళ్లలో గింజలు అడుగంటే నెల. కొత్త పంట రావడానికి ఇంకా టైముంది. ఉన్నదాంట్లోంచే తీసి పెట్టారు. స్టేషన్ రికార్డులో తుపాకుల లెక్క ఉంది. అంబలి లెక్క ఎక్కడా లేదు. మా గుంపులో అమ్మాయిలు ఈ సంగతి విన్నాక, దారిలో ఎక్కడ ముసలమ్మ కనిపించినా పక్కన కూర్చుని, "అవ్వా, మీ అవ్వ ఏమైనా చెప్పేదా?" అని అడగడం మొదలుపెట్టారు. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఒకావిడ మాత్రం, పోలీసులొచ్చి కుండలు పగలగొట్టి గింజలు నేలపాలు చేశారని వాళ్ల నాయనమ్మ చెప్పేదని చెప్పింది. ఆ తర్వాత ఏమీ చెప్పకుండా మాకు పనసతొనలు పెట్టింది.

దామనపల్లి ఘాట్ మా దారిలో లేదు. కానీ అలాంటి ఇరుకు మలుపు ఒకటి రాగానే అక్కడే కూర్చుని ఆ కథ చెప్పుకున్నాం. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగంతో ఆ కొండదారిలో వస్తున్నారు. పొదల్లో మాటు వేసిన మనవాళ్లు ముందు నడుస్తున్న మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు. వెనక ఆ ఇద్దరూ వచ్చేదాకా ఆగి కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు. తాత మనవడు ఆ మలుపులో పదిమందిని కింద నుంచి నడవమన్నాడు, పదిమందిని పైన పొదల్లో కూర్చోబెట్టాడు. పైనున్నవాళ్లకి కిందివాళ్ల తలలు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా కనిపించాయి. కిందివాళ్లకి ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. గెలుపు గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పైనుంచి చూసినవాళ్లలో ఒక కుర్రాడు, తను పోలీసు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, కిందికి దిగొచ్చి చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. ముందు నడిచినవాళ్లని వదిలేశారన్న మాట అతనికి బాగా తగిలినట్టుంది.

కొండ దారి ఇచ్చిన బలం బయలు నేల ఇవ్వదు. అది తెలియాలంటే పెద్దగడ్డపాలెం సంగతి చూడాలి. 1922 డిసెంబరు 6న అక్కడ వరిచేలలో సర్కారు బలగాలకి మనవాళ్లు చిక్కారు. చెట్టు లేదు, బండ లేదు. ఆధునిక ఆయుధాల ముందు బయటపడిపోయారు, మనుషుల్ని పోగొట్టుకున్నారు. మొదటి మూడు స్టేషన్లలో కలిపి దొరికినవి ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల తూటాలు. తూటా ఒకసారి పేలితే మళ్లీ రాదు, ఇంకో స్టేషన్ పట్టాలి. ఆ సంగతి సర్కారుకీ అర్థమైంది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్లారు. రంపచోడవరంలో అప్పటికే ఆయుధాలు వేరే చోటికి తరలించేశారు. ధైర్యం అంతే ఉంది, తూటాలు లేవు.

రెండోరోజు సాయంత్రం రోడ్డు లేని ఒక చిన్న ఊళ్లో ఆగాం. స్కూలు వరండాలో పడుకోవడానికి ఊరివాళ్లు ఒప్పుకున్నారు. అడ్డాకుల్లో వేడి అన్నం, పప్పు పెట్టారు. తినేటప్పుడు ఆ ఊరి ఆశా కార్యకర్త చెప్పింది, పోయిన నెలలోనే ఒక గర్భిణిని డోలీలో కట్టి, నలుగురు మార్చుకుంటూ, మేం వచ్చిన దారిలోనే మోసుకెళ్లారని. తల్లీ పిల్లా బతికారు. అది విన్నాక మాలో ఒక అమ్మాయి, తను డిగ్రీ రెండో ఏడు, అడిగింది: "మేడమ్, రోడ్డు వేయించినందుకు మనవాళ్లు తిరగబడ్డారని చదివాం. మరి మా ఊరికి రోడ్డు కావాలని పోయినేడు మేం మండలాఫీసు ముందు కూర్చున్నాం. మాది తప్పా, వాళ్లది తప్పా?"

అన్నం తినే చేతులు అన్నీ ఆగాయి. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఆ నడక నడవాలి అనిపించింది.

మేం ఆ రాత్రి వరండాలో కూర్చుని మాట్లాడుకున్న సంగతి ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకున్న విషయం. మనవాళ్లు రోడ్డు మీద తిరగబడలేదు. రోడ్డంటే మనకి పడదు, అడవిలోనే ఉండిపోవాలనుకుంటాం, మార్పంటే భయం, ఇలాంటి మాటలు మన గురించి బయటివాళ్లు రాస్తూనే ఉంటారు. 1922లో జరిగింది వేరు. ఆ రోడ్డు ఎవరి కోసం అని మనవాళ్లని ఎవరూ అడగలేదు. కలప దింపడానికి, పోలీసుని ఎక్కించడానికి వేసిన రోడ్డు అది. ఆ రోడ్డు మీదుగా మన ఊరికి డాక్టరు రాలేదు, పంతులు రాలేదు. పనికి పిలవలేదు, పట్టుకెళ్లారు. కూలి ఇస్తామన్నది ఇవ్వలేదు. అదే సమయంలో మన కాళ్లతో మనం వేసుకున్న పోడు దారి మీద నడిస్తే కేసు పెట్టారు. వాళ్ల రోడ్డు వేయకపోతే దెబ్బలు, మన దారిలో నడిస్తే జరిమానా. తిరుగుబాటు దాని మీద. ఆ అమ్మాయి మండలాఫీసు ముందు కూర్చున్నది కూడా ఆ కోవలోదే. మన ఊరికి ఏం కావాలో మనం చెబుతాం అనడమే రెండు చోట్లా ఉంది. పోడు భూమి మీద మన హక్కుని చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. 1882 నుంచి లెక్కేస్తే నూట ఇరవై నాలుగేళ్లు. పట్టా చేతికి రానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మన సంఘం దగ్గర ఆ దరఖాస్తులు ఉన్నాయి.

తాత ఈ చర్చంతా విని చివర్లో ఒక్క మాట అన్నాడు. "రోడ్డు రానీయండమ్మా. మోసీ మోసీ నా బుజం అరిగిపోనాది." ఆయన ఎన్ని డోలీలు మోశాడో మేం అడగలేదు.

మర్నాడు కొండ దిగి కృష్ణదేవిపేట చేరాం. అక్కడి సమాధుల దగ్గర పూలు పెట్టాం. సీతారామరాజు సమాధి అందరికీ తెలుసు. పక్కన గాము సోదరులవీ ఉన్నాయని చాలామందికి తెలియదు, వెళ్లినప్పుడు వెతికి చూడండి. మల్లుదొర కథ మన యువత తప్పకుండా తెలుసుకోవాల్సింది. 1923 సెప్టెంబరులో పట్టుబడ్డాడు. అండమాన్ జైలుకి పంపారు. బతికి తిరిగొచ్చాడు. 1952లో దేశానికి మొదటి ఎన్నికలు జరిగినప్పుడు విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. స్టేషన్ మీద దాడికి వెళ్లిన మనిషి, ఆ స్టేషన్లన్నిటినీ నడిపే ప్రభుత్వానికి చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు ముందు నమ్మలేదు. పుస్తకంలో చూపించాక ఫోటోలు తీసుకున్నారు.

కృష్ణదేవిపేట నుంచి రాజవొమ్మంగికి వాళ్లు మర్నాటికల్లా చేరారు. మాకు ఆ శక్తి లేదు. ముగ్గురికి పాదాలు పొక్కాయి, ఒకరికి జ్వరం. కొయ్యూరు దాకా నడిచి, అక్కణ్ణుంచి జీపులు ఎక్కాం. ఆటోలో ఎక్కినంత సిగ్గు పడ్డారు కుర్రాళ్లు. కొయ్యూరులో ఆగకుండా ఎలా పోతాం? 1924 నాటికి ప్రభుత్వం పద్ధతి మార్చింది. కొండల్లో పనిచేసిన అనుభవమున్న అస్సాం రైఫిల్స్‌ని దింపారు. రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. మనుషుల్ని పట్టుకోవడం మానేసి, వాళ్లకి అన్నం పెట్టే ఊళ్లని పట్టుకున్నారు. ఊళ్ల మీద జరిమానాలు, దెబ్బలు, గింజలు బయటికి పోకుండా కాపలా. మేం దారిలో పనసతొనలు తిన్న ఇంటి ముసలమ్మ చెప్పిన పగిలిన కుండలు ఈ కాలానివే అయ్యుంటాయి. రాజుని మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరుకి తెచ్చి, మేజర్ గూడాల్ ఆజ్ఞ మీద చెట్టుకి కట్టి కాల్చి చంపారు. విచారణ లేదు, కోర్టు లేదు. ఆయనకి ఇరవై ఏడేళ్లు నిండలేదు. మాతో వచ్చిన కుర్రాళ్లలో ఇద్దరి వయసు ఇరవై ఆరు. గంటందొర జూన్‌లో పోరాడుతూ చనిపోయాడు.

రాజవొమ్మంగి చేరేసరికి వాన వెలిసింది. 1922 ఆగస్టు 24న ఇక్కడ ఎనిమిది తుపాకులు దొరికాయి. తుపాకుల కంటే పెద్ద పని ఇంకొకటి జరిగింది. లాకప్పులో ఉన్న మొట్టడం వీరయ్యదొరని విడిపించారు. మూడు రోజులు గెడ్డలు దాటి, కొండలు దిగి, ఆకలితో వచ్చినవాళ్లు ఒక మనిషి కోసం కూడా వచ్చారు. బయటికొచ్చిన వీరయ్యదొర ఇంటికి పోలేదు, వాళ్లతోనే కలిసి నడిచాడు.

అక్కడ కూర్చుని పిల్లలు తమ నోటుబుక్కులు తీశారు. దారిలో విన్న పేర్లు, ఊళ్లు, గెడ్డల పేర్లు, చెట్ల పేర్లు అన్నీ ఒక చోట రాశారు. తాత చెప్పిన కొన్ని కొండల పేర్లు ఏ మ్యాపులోనూ లేవు. మనవడు వాటిని ఫోనులో గుర్తులు పెట్టుకున్నాడు. తాతని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది తప్పు, ఇంకొంచెం ఇటు" అని తిట్లు తింటూ ఆ పని పూర్తి చేశాడు. రాసిన పేర్లలో మీ ఇంటి పేరు ఉండొచ్చు. లేకపోతే మీ ఇంట్లో అడిగి రాసి పంపండి, సంఘం దగ్గర దాచి పెడతాం. మీ ఊరి అవ్వ ఎవరికి అంబలి పోసిందో కూడా రాయండి.

వచ్చే అక్టోబరులో అడ్డతీగల నుంచి రంపచోడవరం వైపు నడవాలని అనుకుంటున్నాం. ఆ పక్క దారులు తెలిసిన కొండరెడ్డి, కోయ పెద్దలు కావాలి. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి. ఈసారి ఇరవై మందికి మించి తీసుకెళ్లం, ఉప్పు మూట ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. తాతని కూడా అడిగాం. మోకాలు బాగుంటే వస్తానన్నాడు, కానీ ఆ కొండలు తనకి తెలియవు కాబట్టి వెనక నడుస్తానన్నాడు.